పడవ ఇంజను దగ్గితే...

మిక్సీ బ్లేడు తిరగకపోతే ఏం చూడాలి, కుట్టుమిషను దారం మాటిమాటికీ తెగుతుంటే ఎక్కడ సర్దాలి, గ్యాసు స్టవ్వు మంట పచ్చగా వస్తే ఏం చెయ్యాలి - ఇలాంటివి మన ఆడవాళ్ళ పేజీల్లో చదివి నేను ఎన్నోసార్లు లాభపడ్డాను. నేనిప్పుడు రాయబోయేది కూడా ఇంటి సామాను గురించే. కాకపోతే మా ఇంట్లో ఆ సామాను వంటింట్లో ఉండదు, ఫైబరు పడవ వెనకాల బిగించి ఉంటుంది. మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ముందు అది వెలగాలి.

మాది కాకినాడకి పైన ఉప్పాడ వైపు సముద్రపు ఒడ్డు. మావారు, మా మరిది, మా పెద్దబ్బాయి ముగ్గురూ ఒకే పడవ మీద వేటకి వెళతారు. పడవకి ఉన్నది పెట్రోలుతో నడిచే రెండు సిలిండర్ల టూ స్ట్రోకు మోటారు. 2009లో సెకండుహ్యాండులో కొన్నాం. అంటే మా ఇంటికి వచ్చేటప్పటికే దానికి వయసుంది. పాత ఆవు లాంటిది. పాలిస్తుంది, కానీ దాని అలవాట్లు తెలిసినవాళ్ళకే ఇస్తుంది.

మా నాన్నగారు కోటిపల్లి రేవులో పంటు మీద ఇంజను డ్రైవరుగా చేసేవారు. గోదావరి దాటించే ఆ డీజిలు ఇంజను చప్పుడు వింటూ పెరిగాను. ఇంటరు చదివేటప్పుడు కూడా సెలవుల్లో ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళి ఇంజను దగ్గరే కూచునేదాన్ని. ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవారు: "అమ్మాయ్, ఇంజను అబద్ధం చెప్పదు. మనమే సరిగ్గా అడగం." ఆ అడగడం ఎలాగో 2025 జూన్‌లో నాకు అక్కరకొచ్చింది.

ముప్పైరెండు వేల మాట

మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజను పడవలేవీ సముద్రంలోకి వెళ్ళకూడదు. ఆ ఏడాది ప్రభుత్వం ఇచ్చిన నిషేధకాలపు భృతి ఇరవై వేలు. అందులో బియ్యం, వలల మరమ్మత్తు, పడవకి రంగు పోగా చేతిలో పెద్దగా మిగలలేదు. జూన్ 15న అందరూ ఆశగా బయలుదేరతారు. మొదటి వారంలో పడే చేపతోనే రెండు నెలల అప్పులు తీరాలి.

ఆ రోజు మా ఇంజను ఒక పట్టాన అందుకోలేదు. పదిహేనుసార్లు తాడు లాగితే అందుకుంది గాని దగ్గుతూ, వణుకుతూ, నల్లగా పొగ వదులుతూ నడిచింది. నిదానంగా తిప్పితే ఆగిపోతోంది, గట్టిగా తిప్పితే సగం బలమే ఇస్తోంది. మూడో రోజు వేట నుంచి వస్తూ వస్తూ పూర్తిగా ఆగిపోయింది. పక్క పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. కెరటాలు విరిగే చోట ఆగకుండా కాస్త ముందే ఆగబట్టి సరిపోయింది. సముద్రం సంగతి తెలిసినవాళ్ళకి ఈ మాట అర్థమవుతుంది. విరిగే కెరటం దగ్గర ఇంజను ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవని ఒక్క కెరటం చాలు బోర్లా వెయ్యడానికి. అందులో నా భర్త, నా కొడుకు, నా మరిది ముగ్గురూ ఉన్నారు.

మెకానిక్కు వచ్చాడు. హుడ్డు తీయకుండానే రెండుసార్లు తాడు లాగి, చప్పుడు విని, "పిస్టన్లు, రింగులు పోయాయి. బోరు చేయించాలి. ముప్పైరెండు వేలవుతుంది" అన్నాడు. మావారు తల పట్టుకుని కూచున్నారు. ఇంట్లో ఉన్నది మా అమ్మాయి డిగ్రీ ఫీజుకని దాచిన డబ్బు, నా మెడలో గొలుసు. ఆయన కళ్ళు రెండుసార్లు నా గొలుసు మీదకి వెళ్ళడం నేను చూశాను.

గొలుసు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదండీ. కానీ జబ్బేమిటో తెలియకుండా ఆపరేషనుకి ఒప్పుకుంటామా? "రింగులు పోయాయో లేదో కొలిచి చూసే గేజీ ఉంటుంది కదా, ముందు అది పెట్టించండి" అన్నాను.

"నీకెందుకే ఇంజన్ల గొడవ? అక్కడ కూర మాడుతోంది చూసుకో" అన్నారు.

"కూర మాడితే వాసనబట్టి తెలుస్తుంది. మీ ఇంజను మాడిందో లేదో గేజీ పెడితేనే తెలుస్తుంది" అన్నాను. మా మరిది నవ్వేసి, "వదిన చెప్పింది నిజమే అన్నయ్యా" అని సైకిలు తీశాడు. తెలిసినవాళ్ళ షెడ్డు నుంచి గేజీ అడిగి తెచ్చాడు.

అన్నిటికంటే పెద్ద అనుమానం ముందు

ప్లగ్గులు రెండూ విప్పి, ఆ కన్నంలో గేజీ బిగించి, యాక్సిలేటరు పూర్తిగా తెరిచి తాడు నాలుగైదుసార్లు లాగితే లోపల గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో ముల్లు చూపిస్తుంది. లాగే ముందు ఇంజను ఆపే క్లిప్పు తీసెయ్యాలి. ప్లగ్గు తీగలు రెండింటినీ ఇంజను ఇనుముకి తగిలేలా బిగించి పెట్టాలి. లేకపోతే ఎగిరే నిప్పురవ్వకి పెట్రోలు ఆవిరి అంటుకోవచ్చు.

మాకు పై సిలిండరు 105, కింద సిలిండరు 100 చూపించింది. అంకె ఎంతుండాలన్నది మోటారుని బట్టి మారుతుంది. మనం ముఖ్యంగా చూడవలసింది రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అని. ఒకటి 105 ఉండి రెండోది 60 ఉంటే మెకానిక్కు మాట నిజమని ఒప్పుకుని గొలుసు తీసి ఇచ్చేదాన్నే. రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి గుండె బాగానే ఉంది, జబ్బు మరెక్కడో ఉంది. ఆయన చెడ్డవాడని నేననను. సీజను మొదట్లో రోజుకి పది ఇంజన్లు చూసేవాడు చప్పుడుబట్టే చెబుతాడు. తీరిగ్గా చూడవలసింది ఇంట్లోవాళ్ళమే.

అప్పుడు ఒక రూలు నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి నడిపి చూడాలి, ఏమైందో రాయాలి. చౌకగా అయ్యేది ముందు, ఖరీదైనది ఆఖరున. సాంబారు రుచిగా లేదని ఉప్పు, పులుపు, కారం మూడూ ఒకేసారి వేస్తే దేనివల్ల చెడిందో ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే.

పెట్రోలుని సీసాలో పోసి చూడండి

మొదట ట్యాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీశాం. అరగంట కదపకుండా ఉంచితే కింద వేళ్ళమందాన వేరే రంగులో చార తేలింది. రసం మీద తాలింపు నూనె తేలినట్టు, పైన పెట్రోలు, అడుగున నీళ్ళు.

మూత బిగించిన ట్యాంకులోకి నీళ్ళెలా వచ్చాయి? ఇప్పుడు బంకులో పోసేది ఉత్త పెట్రోలు కాదు. చెరుకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి తీసే ఇథనాలు అందులో కలుస్తుంది. మన దేశంలో ఆ కలపడం 2022లో పదో వంతుకి, 2025లో అయిదో వంతుకి చేరింది. ఇథనాలు వానాకాలంలో ఉప్పుడబ్బా లాంటిది, గాలిలో చెమ్మనంతా పీల్చుకుంటుంది. సముద్రపు ఒడ్డున రెండు నెలలు ట్యాంకులో ఊరుకుంటే ఆ చెమ్మ ఎక్కువై, ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగుకి దిగిపోతాయి. ఇంజను గొట్టం పీల్చేది అడుగునుంచే!

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. టూ స్ట్రోకు మోటారులో ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాం. మా మోటారుకి లీటరుకి 20 మిల్లీలీటర్లు. మీ మోటారు పుస్తకంలో ఎంతుంటే అంతే కలపాలి. అడుగున చేరిన నీళ్ళలో ఆ ఆయిలుండదు. అది పీల్చిన ఇంజను లోపల తడి లేకుండా రాసుకుని పట్టేస్తుంది. అప్పుడు నిజంగానే పిస్టన్లు పోతాయి.

ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టి, కొత్త పెట్రోలులో కొలత గ్లాసుతో ఆయిలు కలిపి పోశాం. పాతదాన్ని డబ్బాలో పోసి, పైన గుర్తు రాసి షెడ్డుకి ఇచ్చేశాం. ఇసకలోనో, సముద్రంలోనో పారబొయ్యకండి. పొయ్యి అంటించడానికి అసలే వాడకండి. ఇంకో మాట, ఈ పనులన్నీ ఆరుబయటే చెయ్యాలి. దగ్గర్లో పొయ్యి గాని, బీడీ గాని, దేవుడి దీపం గాని ఉండకూడదు.

పుస్తకంలో రాసింది: "తొందరగా అందుకుంది. దగ్గు తగ్గింది. వణుకు పోలేదు."

ప్లగ్గు రంగు చెప్పే కబుర్లు

తరవాత ప్లగ్గులు. ఇవి చూడటం ఆడవాళ్ళకి నేర్పక్కర్లేదు. వేపుడు రంగుబట్టి మంట ఎంతుందో చెప్పగలిగినవాళ్ళం కదా! ప్లగ్గు మూతి కాఫీపొడి రంగులో పొడిగా ఉంటే ఆ సిలిండరు బాగా మండుతున్నట్టు. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే సరిగ్గా మండటం లేదు, లేదా ఆయిలు ఎక్కువైంది. సున్నంలా తెల్లగా ఉంటే ఇంజను మరీ వేడెక్కుతోంది, పెట్రోలు చాలటం లేదు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మూతి మీద నీటిచుక్కలుంటే పెట్రోలులోనైనా నీళ్ళుండాలి, లోపల గ్యాస్కెట్టయినా పోయుండాలి.

మాకు పైది కాఫీ రంగు, కిందది నల్లగా తడిగా ఉంది. అంటే రెండెడ్లలో ఒకటే బండి లాగుతోంది. అందుకే ఆ వణుకు. కానీ తప్పు ప్లగ్గుదా, దాని తీగదా? రెండు ప్లగ్గుల్నీ తుడిచి, పైది కిందా, కిందది పైనా బిగించి, డ్రమ్ములో నీళ్ళు పోసి మోటారు కాళ్ళు ముంచి పది నిమిషాలు నడిపాం. విప్పి చూస్తే ఈసారి పైది తడిసింది. తప్పు ప్లగ్గుతోపాటు పైకి వెళ్ళింది కాబట్టి ప్లగ్గుదే తప్పు. అది కిందే ఉండిపోతే తీగో, కాయిలో, పెట్రోలో చూడవలసి వచ్చేది. రెండూ కొత్తవి వేశాం. తీగల చివర టోపీల్లో ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము గీకి శుభ్రం చేశాం.

నడుస్తున్న ఇంజనుకి ఒక్కో ప్లగ్గు తీగ లాగి చూడటం కొందరు మెకానిక్కులకి అలవాటు. ఇంట్లో అది వద్దు. గట్టిగా షాకు కొడుతుంది, కాయిలు కూడా పాడవ్వొచ్చు. అలాగే హుడ్డు తీసిన ఇంజను మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. దగ్గరికి వెళ్ళే ముందు కొంగు నడుముకి బిగించాలి, జడ ముడెయ్యాలి. గేరు న్యూట్రలులో ఉందో లేదో చూశాకే తాడు లాగాలి.

పుస్తకంలో: "వణుకు పోయింది. పొగ తగ్గింది. నిదానంగా తిప్పితే ఇంకా ఆగిపోతోంది."

పంపుస్టవ్వు పాఠం

నా వయసువాళ్ళకి కిరసనాయిలు పంపుస్టవ్వు గుర్తుండే ఉంటుంది. మంట ఎగిరెగిరి పడుతుంటే సన్నటి పిన్ను పెట్టి కన్నం పొడిచేవాళ్ళం. మోటారులో కార్బొరేటరు చేసే పనీ అలాంటిదే. గాలినీ పెట్రోలునీ పాళ్ళు తప్పకుండా కలిపి లోపలికి పంపుతుంది. అందులో ఇత్తడి జెట్లుంటాయి. నిదానంగా నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే జెట్టు కన్నం వెంట్రుకంత సన్నం. రెండు నెలలు నిలవున్న పెట్రోలు ఆవిరైపోయి, అడుగున జిగట మిగిలి ఆ కన్నం మూసుకుపోతుంది. అందుకే గట్టిగా తిప్పితే నడుస్తుంది, నిదానిస్తే ఆగుతుంది.

కానీ ఇక్కడ పిన్ను పెట్టకూడదు! ఇత్తడి మెత్తన. కన్నం రవ్వంత పెద్దదైతే పెట్రోలు పాళ్ళు మారిపోయి ఇంజను ఎప్పటికీ కుదురుగా నడవదు. కార్బొరేటరు శుభ్రం చేసే స్ప్రే కొట్టి, కాసేపు నాననిచ్చి, పంపుతో గాలి కొట్టాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కన్నం గుండ్రంగా కనిపించాలి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి, స్ప్రే తుంపర్లు ఎగురుతాయి. విప్పిన ముక్కల్ని మా అబ్బాయి తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి ఫోనులో ఫొటో తీసుకున్నాడు. బిగించేటప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

పుస్తకంలో: "నిదానంగా కూడా ఆగకుండా తిరుగుతోంది."

రబ్బరు బుడ్డి

అంతా అయిపోయిందనుకుని ఒడ్డుకి దగ్గరలోనే నడిపి చూడటానికి వెళ్ళారు. ఇరవై నిమిషాలు బాగా నడిచి, తరవాత నీరసపడిపోయిందట. మావారు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని చేత్తో నొక్కితే మళ్ళీ పుంజుకుందట, కాసేపటికి మళ్ళీ నీరసం. వచ్చి ఆ మాట చెప్పగానే మా మరిది "వదినా, రాసుకో" అన్నాడు.

నొక్కితే పుంజుకుంటోందంటే ఇంజనుకి పెట్రోలు అందటం లేదు. దీనికి చూడవలసినవి వరసగా చెబుతాను. ట్యాంకు మూతలో గాలి వెళ్ళే మర తెరిచి ఉందా? అది మూసేస్తే మూత బిగించిన నూనెడబ్బాకి ఒక్కటే కన్నం పొడిచినట్టు, కాసేపు వచ్చి ఆగిపోతుంది. బుడ్డి మీద బాణం గుర్తు ఇంజను వైపే ఉందా? బుడ్డి గట్టిపడ్డాక అలాగే ఉంటోందా, మెత్తబడుతోందా? మెత్తబడితే ఎక్కడో గాలి పీలుస్తోంది. చప్పిడి దవడలా లోపలికి పీక్కుపోతే ట్యాంకు వైపు ఏదో అడ్డుపడింది. ఇవన్నీ బాగుంటే ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు పొర చిరిగిందేమో చూడాలి.

మాది మెత్తబడింది. గొట్టాన్ని వేళ్ళ మధ్య వంచితే జాయింటు దగ్గర ఎండిన చింతకాయ తొక్కులా పగుళ్ళు కనిపించాయి. పాత రబ్బరుకి ఇథనాలు పడదు. గొట్టం, బుడ్డి కలిపి కొత్తవి వేశాం.

ఆ రోజు సాయంత్రం పుస్తకంలో లెక్క కట్టాను. ప్లగ్గులు, గొట్టం, బుడ్డి, స్ప్రే, కొత్త పెట్రోలు కాకుండా మొత్తం 1,310 రూపాయలు. పాత ఇంజనుకి జబ్బు ఒక్కటే ఉండదని అప్పుడు తెలిసింది. నాలుగు చిన్న జబ్బులు కలిసి ఒక పెద్ద జబ్బులా కనిపించాయి. అమ్మాయి ఫీజు కట్టేశాం. గొలుసు మెడలోనే ఉంది. మావారు ఏమీ అనలేదు గాని, మర్నాడు వేట నుంచి వచ్చి రెండు చందువలు నా ముందు పెట్టి, "అమ్మకానికి కాదు, ఇంట్లోకి" అన్నారు.

గుర్తుంచుకోవలసినవి

మోటారు నడుస్తున్నంతసేపూ పక్కనుంచి సన్నటి ధారగా నీళ్ళు పడుతూ ఉండాలి. ఇంజనుని చల్లబరిచే నీళ్ళు తిరుగుతున్నాయనడానికి అదే గుర్తు. ధార సన్నబడినా, ఆగినా వెంటనే ఇంజను ఆపాలి. నీళ్ళు లేకుండా ఒడ్డు మీద "ఒక్క నిమిషం" అని కూడా నడపకూడదు.

వేట నుంచి రాగానే డ్రమ్ములో మంచినీళ్ళతో కాసేపు నడిపితే లోపలి ఉప్పు కడుక్కుపోతుంది.

ఏప్రిల్ 14 సాయంత్రమే గొట్టం పీకేసి, కార్బొరేటరులో ఉన్న పెట్రోలు అయిపోయి దానంతటది ఆగేదాకా ఇంజను నడపాలి. ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ప్లగ్గు కన్నాల్లో నాలుగు చుక్కలు ఆయిలు వేసి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, ప్లగ్గులు బిగించి, మోటారుని నిలువుగా నీడలో ఉంచాలి. జూన్ 15న పాత పెట్రోలు చుక్క కూడా పొయ్యకూడదు.

గేజీ ముల్లు ఒక సిలిండరులో బాగా తక్కువ చూపించినా, ప్లగ్గు మీద మళ్ళీ మళ్ళీ నీటిచుక్కలు వస్తున్నా ఇంట్లో ఆగకండి. అది మంచి మెకానిక్కు చెయ్యవలసిన పనే. మన నోటుపుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెడితే ఆయనకీ సగం శ్రమ తగ్గుతుంది.

ఇక తెల్లవారుజామున మా ఇంట్లో క్యారేజీతోపాటు ఒక ప్లాస్టిక్కు డబ్బా కూడా పడవెక్కుతుంది. అందులో రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు, స్టార్టరు తాడుకి సరిపడా గట్టి తాడు, పొడిగుడ్డ, టార్చిలైటు ఉంటాయి. డబ్బా మూత మీద కోస్టుగార్డు నంబరు 1554 ఎర్ర పెయింటుతో రాయించాను. లైఫ్‌జాకెట్లు మూడూ వేసుకున్నాకే డబ్బా చేతికిస్తాను.